కిట్టు కొన్నారు సరే, దేనికి?

డబ్బా వచ్చింది. ఆత్రంగా విప్పారు. వేలెడంత బోర్డు, రంగురంగుల వైర్లు, చిన్న చిన్న కవర్లలో రెసిస్టర్లు, రెండు కళ్లలా గుండ్రాలున్న సెన్సరు ఒకటి. మొదటిరోజు రాత్రి ఎల్‌ఈడీ మిణుకుమిణుకుమంటే ఇంట్లో అందరినీ పిలిచి చూపించారు. రెండోరోజు వీడియో చూస్తూ తేమ సెన్సరు కలిపారు, ఫోనులో ఏదో అంకె కనిపించింది. ఆ వారం తిరిగేసరికి డబ్బా బీరువా మీదికెక్కింది. అంతేనా?

అయితే మిమ్మల్ని మీరు బద్ధకస్తులని తిట్టుకోకండి. తప్పు మీ ఓపికలో లేదు. కిట్టుతో వచ్చిన పుస్తకంలో ఉన్నవన్నీ ఎవరి ఇంట్లోనూ ఎవరికీ అక్కర్లేని పనులు. లైటు వెలిగించు, ఆర్పు, బజరు మోగించు, ఆపు. ఎవరికీ అక్కర్లేని పని మీద మనసు ఎన్నాళ్లు నిలుస్తుంది చెప్పండి?

ఈ అధ్యాయంలో ముప్ఫై ప్రాజెక్టులు లేవు. ఒక్కటే ఉంది: డాబా మీది నీళ్ల ట్యాంకు నిండిందో లేదో మీ ఫోనుకు కబురు పంపించడం. మీరు పాలిటెక్నిక్‌లో చదివే పిల్లలైనా, సైన్సు చెప్పే మేష్టారైనా, రిటైరై కొత్తగా ఏదైనా నేర్చుకుందామనుకునే పెద్దవారైనా ఈ ఒక్కటి చివరిదాకా చేయండి. కిట్టులో మిగతావి ఎలా వాడాలో దీనితోనే సగం తెలిసిపోతుంది.

1. ముందు ప్రశ్న రాసుకోండి

తణుకులో ఏ వీధిలోకి వెళ్లినా పొద్దున్నే వినిపించే మాట ఒకటుంది. "ఒరేయ్, మోటారు కట్టేశావా? డాబా మీంచి నీళ్లు కారిపోతున్నాయి!" కొడుకు ఫోను వదిలి పరిగెత్తేలోపు పక్కింటి గోడ తడిసిపోతుంది, వాళ్లతో మాట పడాల్సి వస్తుంది. ఇంతకన్నా మంచి ప్రాజెక్టు ఇంకేం కావాలి?

కిట్టు ముట్టుకునే ముందు ఒక కాగితం తీసుకుని మీ ఇంటి ప్రశ్న ఒకటి రాయండి. "ట్యాంకు నిండిందా?" "ధాన్యం బస్తాలు పెట్టిన గదిలో తేమ ఎంత?" "చెరువు నీళ్లు తెల్లవారుజామున ఎంత చల్లబడుతున్నాయి?" జవాబు అవును, కాదు అనో, ఒక అంకె రూపంలోనో వచ్చేలా ఉండాలి. "ఇంటిని స్మార్ట్ హోమ్ చేయాలి" అన్నది ప్రశ్న కాదు, దానికి మొదలూ తుదీ ఉండవు.

ప్రశ్న కింద ఇంకో ముక్క కూడా రాయండి. ఈ జవాబు ఎవరికి కావాలి? అమ్మకా, నాన్నకా, పై వాటాలో అద్దెకున్నవాళ్లకా? ఒక మనిషి పేరు రాయలేకపోతే ఆ ప్రశ్న పక్కన పెట్టి ఇంకోటి వెతకండి.

"తణుకులో కూర్చుని ఇవన్నీ మనవల్ల అవుతాయా, హైదరాబాదులో కోర్సు చేయాలేమో" అనిపిస్తోందా? ఇస్రో రాకెట్లకు కావలసిన యూడీఎంహెచ్ అనే ద్రవ ఇంధనాన్ని తయారుచేసింది ఇదే ఊళ్లోని ఆంధ్రా షుగర్స్. 1947లో చక్కెర మిల్లుగా మొదలైన సంస్థ అది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే, 2012లో విజయవాడలో మొదలైన ఎరువాక టెక్నాలజీస్‌ను చూడండి. రొయ్యల చెరువులో తేలే పరికరం పెట్టి, నీటిలో ఆక్సిజన్ ఎంతుందో, వేడి ఎంతుందో రైతు ఫోనుకు పంపించారు. రాత్రంతా నీటిలోని జీవాలన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి, ఎండ లేక కొత్తది పుట్టదు. అందుకే తెల్లవారుజామున అది బాగా పడిపోతుంది. ఆ వేళకు ఏరేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) తిరుగుతున్నాయో లేదో చూడ్డానికి భీమవరం, ఉండి, ఆకివీడు వైపు రైతులు టార్చి పట్టుకుని గట్ల వెంట తిరిగేవారు. ఎరువాక పరికరమూ రైతు నోట్లోని ప్రశ్న దగ్గరే మొదలైంది: "ఇప్పుడు డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) ఎంతుందండీ?"

2. బోర్డు ఎంచుకోవడంలో జాగ్రత్త

ఇంకా కొనకపోతే ఇది చదివాకే కొనండి. చాలా కిట్లలో వచ్చేది ఆర్డుయినో యూనో ఆర్3. ఆర్డుయినో 2005లో ఇటలీలోని ఇవ్రియాలో విద్యార్థుల కోసం పుట్టింది. నేర్చుకోవడానికి చాలా మంచిది, కానీ యూనో ఆర్3లో వైఫై లేదు. దాన్ని ఇంటర్‌నెట్‌కు కలపాలంటే ఇంకో చిన్న మాడ్యూలు తగిలించాలి, కొత్తవాళ్లు ఎక్కువగా విసిగిపోయేది అక్కడే. షాంఘైలోని ఎస్ప్రెస్సిఫ్ సంస్థ 2014లో ఈఎస్‌పీ8266, తర్వాత 2016లో ఈఎస్‌పీ32 తెచ్చింది. వీటిలో వైఫై చిప్పులోనే ఉంటుంది. కాబట్టి డబ్బా మీద "ఐఓటీ" (వస్తువులను ఇంటర్‌నెట్‌కు కలిపే పద్ధతి) అని ఎంత పెద్దక్షరాలతో ఉన్నా, లోపల నోడ్‌ఎంసీయూ (ఈఎస్‌పీ8266 ఉన్న బోర్డు) గానీ ఈఎస్‌పీ32 గానీ ఉందో లేదో చూసుకోండి. విడిగా కొన్నా ఈ బోర్డులు కొన్ని వందల రూపాయల్లోనే వస్తాయి. హైదరాబాదు వెళ్లే పని పడితే కోఠీ గుజరాతీ గల్లీలో చేత్తో పట్టుకుని చూసి కొనుక్కోవచ్చు.

సెన్సర్లు నలభై ఉన్నాయా యాభై ఉన్నాయా అని లెక్కపెట్టకండి. మన పనికి కావలసింది ఒక బోర్డు, ఒక అల్ట్రాసోనిక్ సెన్సరు (రెండు కళ్లలా ఉండేది), బ్రెడ్‌బోర్డు, జంపర్ వైర్లు, మూడు రెసిస్టర్లు.

3. వైరు గుచ్చే ముందు

ఇక్కడ కాస్త నిదానంగా చదవండి. కొత్తవాళ్లు "నాకు రాదు" అని వదిలేసే చోట్లన్నీ ఈ భాగంలోనే ఉన్నాయి, వాటిలో ఒక్కటి కూడా మీ తెలివికి సంబంధించింది కాదు.

కంప్యూటరుకు బోర్డు తగిలించారు, లైటు వెలిగింది, కానీ పోర్టు కనిపించడం లేదు. ముందు కేబుల్ మార్చండి. ఇంట్లో పడి ఉన్న యూఎస్‌బీ కేబుళ్లలో కొన్ని ఛార్జింగ్‌కే పనికొస్తాయి, వాటిలో డేటా తీగలుండవు. మంచి కేబుల్ పెట్టినా కనిపించకపోతే బోర్డు వెనక తిప్పి చూడండి. సీహెచ్340 అనో, సీపీ2102 అనో రాసి ఉంటుంది. ఆ పేరున్న డ్రైవర్ వేయాలి. పోర్టు కనిపించాక కూడా కోడు ఎక్కడం లేదంటే, కోడు రాసే సాఫ్ట్‌వేరులో బోర్డు పేరు సరిగ్గా ఎంచారా అని చూసుకోండి. కోడు ఎక్కింది కానీ తెర మీద పిచ్చి గుర్తులు వస్తున్నాయా? కోడులో 115200 అని రాసి, సీరియల్ మానిటర్‌లో 9600 ఉంచారన్నమాట. రెండూ ఒకటి చేయండి, అక్షరాలు చక్కగా వస్తాయి.

బ్రెడ్‌బోర్డు మధ్యలో ఒక కాలువ ఉంటుంది. దానికి అటూ ఇటూ అడ్డవరసలో ఐదేసి రంధ్రాలు లోపల కలిసే ఉంటాయి. ఒక రెసిస్టర్ రెండు కాళ్లనూ ఒకే వరసలో గుచ్చితే అది ఉన్నా లేనట్టే. కొన్ని నోడ్‌ఎంసీయూ బోర్డులు మరీ వెడల్పుగా ఉండి రంధ్రాలన్నీ కప్పేస్తాయి. అప్పుడు రెండు బ్రెడ్‌బోర్డులు పక్కపక్కన పెట్టి, రెంటి మీదా పడేలా బోర్డును కూర్చోబెట్టండి.

ఇక వోల్టేజీ. నోడ్‌ఎంసీయూ పిన్నులు 3.3 వోల్టుల మీద పనిచేస్తాయి. మన అల్ట్రాసోనిక్ సెన్సరు హెచ్‌సీ-ఎస్ఆర్04కు 5 వోల్టులు కావాలి, అది ఎకో పిన్ను మీదుగా తిరిగి పంపేది కూడా 5 వోల్టులే. నేరుగా కలిపితే బోర్డు అప్పటికి పనిచేసినట్టే ఉంటుంది, కొన్నాళ్లకు ఆ పిన్ను పోవచ్చు. వీడియోల్లో చాలామంది నేరుగానే కలుపుతారు, మీరు అలా చేయకండి. గోధుమ, నలుపు, ఎరుపు చారలున్న రెసిస్టర్లు మూడు తీసుకోండి. అవి ఒక్కోటి 1000 ఓములు. సెన్సరు ఎకో పిన్ను నుంచి ఒక రెసిస్టర్, దాని చివర నుంచి మిగతా రెండూ వరసగా గ్రౌండుకు. మొదటిదీ రెండోదీ కలిసిన చోటు నుంచి ఒక వైరు బోర్డు పిన్నుకు. అక్కడికి వచ్చేది మూడింట రెండు వంతులు, అంటే సుమారు 3.3 వోల్టులు. బోర్డు గ్రౌండూ సెన్సరు గ్రౌండూ కలిపారా? మరోసారి చూడండి. అన్నీ సరిగ్గా ఉన్నా అంకెలు రావడం లేదంటే, ఎక్కువసార్లు మర్చిపోయే వైరు అదే.

వైర్లు మార్చే ప్రతిసారీ యూఎస్‌బీ ఊడదీయండి. గ్రౌండుకు నలుపు, 5 వోల్టులకు ఎరుపు అని ఒక నియమం పెట్టుకోండి. ఆ రంగు వైరు అయిపోతే ఇంకో రంగుతో సర్దుకోకండి, ఆగి తెచ్చుకోండి.

4. నేల మీద గెలిచి డాబా ఎక్కండి

నేరుగా ట్యాంకు దగ్గరికి వెళ్లకండి. ఎండలో, నిచ్చెన మీద, లాప్‌టాప్ పట్టుకుని తప్పు వెతకడం ఎవరి వల్లా కాదు.

మొదట బల్ల మీద. సెన్సరు ముందు పుస్తకం పెట్టి స్కేలుతో కొలవండి. సెన్సరు వదిలిన శబ్దం పుస్తకానికి తగిలి తిరిగి రావడానికి ఎన్ని మైక్రోసెకన్లు పట్టిందో బోర్డు చెబుతుంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కాబట్టి, ఆ అంకెను 0.034తో హెచ్చించి రెండుతో భాగిస్తే సెంటీమీటర్లు వస్తాయి. రెండుతో భాగించడం ఎందుకంటే పోవడమూ రావడమూ కలిసి ఉన్నాయి గనక. 5000 మైక్రోసెకన్లు వచ్చిందనుకోండి, దూరం 85 సెంటీమీటర్లు.

తర్వాత బక్కెట్టు. సెన్సరును నీళ్లకు ఎదురుగా, సరిగ్గా మధ్యలో పట్టుకోండి. పక్కకు జరిగితే శబ్దం బక్కెట్టు అంచుకు తగిలి తప్పు అంకె వస్తుంది. చెంబుతో నీళ్లు పోస్తూ అంకె తగ్గుతోందో లేదో చూడండి. నీళ్లు కదులుతున్నప్పుడు అంకె ఊగుతుంది. ఐదు కొలతలు తీసి, చిన్న దాని నుంచి పెద్ద దానికి వరసగా పేర్చి, మధ్యది తీసుకుంటే ఆ ఊగుడు చాలావరకు పోతుంది. సగటు కన్నా ఇదే నయం. ఒక్క తప్పు కొలత వస్తే సగటు మొత్తం పాడవుతుంది, మధ్యది చెక్కుచెదరదు.

మూడోది ఫోను. థింగ్‌స్పీక్ లాంటి ఉచిత సేవకు అంకె పంపండి. ఉచిత ఖాతాలో 15 సెకన్లకు ఒకసారే పంపనిస్తారు, మన ట్యాంకుకు నిమిషానికి ఒకటి చాలు. ఫోను హాట్‌స్పాట్‌తో వైఫై కలవడం లేదంటే దాని సెట్టింగు చూడండి. నోడ్‌ఎంసీయూ 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే పట్టుకుంటుంది, కొత్త ఫోన్లలో కొన్ని 5 గిగాహెర్ట్జ్ మీద ఉంటాయి. ఇంకో మాట: వైఫై పాస్‌వర్డు మీ కోడులోనే రాసి ఉంటుంది. సాయం అడగడానికి కోడు ఫోటో తీసి స్నేహితుల గ్రూపులో పెట్టే ముందు ఆ వరస చెరపండి.

ఈ మూడూ అయ్యాకే ట్యాంకు. కిట్టులో వచ్చిన సెన్సరు బక్కెట్టుకు సరిపోతుంది గానీ ట్యాంకు లోపలి ఆవిరికి ఎన్నాళ్లో ఆగదు. దాని బదులు నీటిని తట్టుకునే జేఎస్ఎన్-ఎస్ఆర్04టీ తెప్పించుకోండి. దీనికి ఒక చిక్కుంది. సుమారు 20 సెంటీమీటర్ల కన్నా దగ్గరగా ఉన్నదాన్ని సరిగ్గా కొలవలేదు. అందుకని ట్యాంకు నిండినప్పుడు నీళ్లు ఎక్కడిదాకా వస్తాయో చూసి, అక్కడి నుంచి 25 సెంటీమీటర్లు పైన బిగించండి. మీ ట్యాంకులో నీటి లోతు 100 సెంటీమీటర్లనుకుంటే ఖాళీగా ఉన్నప్పుడు 125, నిండినప్పుడు 25 చూపిస్తుంది. 125లోంచి వచ్చిన అంకె తీసేస్తే అదే శాతం. ఇందాకటి 85 వస్తే ట్యాంకు 40 శాతం ఉన్నట్టు.

మూత దగ్గర అంత ఎత్తు దొరకదా? అప్పుడు "ఎంత" అన్న పంతం వదిలి "నిండిందా, లేదా" అని మాత్రమే అడగండి. దానికి తేలే ఫ్లోట్ స్విచ్ ఒక్కటి చాలు. కోడు పది వరసల్లో అయిపోతుంది, ఏళ్ల తరబడి పనిచేస్తుంది. ఖరీదైన సెన్సరు పెడితేనే ప్రాజెక్టు అనుకోకండి. పని జరిగితే అదే ప్రాజెక్టు.

5. అంకె పంపకండి, కబురు పంపండి

"అమ్మా, ఫోనులో చూసుకో, 87.4 శాతం" అంటే అమ్మ ఏం చేయాలి? కట్టాలా, ఇంకాసేపు ఉంచాలా?

గోదావరి జిల్లాల్లో పుట్టిన వాళ్లకు ఈ సంగతి ఎవరూ నేర్పక్కర్లేదు. వరదల రోజుల్లో ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. లంకల్లో ఉన్నవాళ్లకు అడుగుల లెక్కతో పనిలేదు, "రెండో హెచ్చరిక ఎగరేశారు" అంటే ఏం సర్దుకోవాలో తెలుసు. మీ ట్యాంకుకు కూడా అలాంటి గీతలు పెట్టండి. 90 దాటితే "ట్యాంకు నిండింది, మోటారు కట్టేయండి". 20 కన్నా తగ్గితే "నీళ్లు అయిపోతున్నాయి". తెలుగులోనే రాయండి. టెలిగ్రామ్ బాట్ ద్వారా పంపితే ఇంట్లో నలుగురికీ ఒకేసారి వెళ్తుంది.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు ఒకటుంది. "90 దాటితే పంపు" అని మాత్రమే రాస్తారు. నీళ్లు 90 దగ్గరే ఉన్నంతసేపు సందేశాలు వస్తూనే ఉంటాయి. ఇంట్లోవాళ్లు గంట తిరక్కుండా ఆ బాట్‌ను మ్యూట్ చేస్తారు, మర్నాడు నిజంగా నిండినప్పుడు ఎవరూ చూడరు. కాబట్టి ఒకసారి చెప్పాక గుర్తుపెట్టుకునేలా కోడు రాయండి. నీళ్లు మళ్లీ 80కి దిగితేనే ఆ గుర్తు చెరగాలి. రెండు గీతల మధ్య ఆ పది శాతం ఎడం లేకపోతే, నీటి అలలకే గుర్తు పడుతూ చెరుగుతూ ఉంటుంది.

6. కరెంటు పోయినప్పుడు?

కబురు రాలేదంటే అంతా బాగున్నట్టేనా? కరెంటు పోతే రౌటరు ఆగిపోతుంది, బోర్డు ఆగిపోతుంది, ఫోను మౌనంగా ఉంటుంది. ట్యాంకుకైతే ఫర్వాలేదు, మోటారు కూడా ఆగుతుంది. అదే రొయ్యల చెరువైతే కరెంటు పోయిన క్షణమే ఏరేటర్లు ఆగుతాయి, సరిగ్గా అప్పుడే మీ పరికరం గొంతు పోతుంది. అందుకే చెరువు మీద ఏదైనా పెట్టేటప్పుడు బోర్డుకూ రౌటరుకూ బ్యాటరీ ఉండాలి. పవర్ బ్యాంకు పెడితే ఒక రాత్రంతా ఉంచి పరీక్షించండి. కొన్ని పవర్ బ్యాంకులు ఈ బోర్డు లాగే కొద్దిపాటి కరెంటు చూసి, ఫోను నిండిపోయిందనుకుని వాటంతటవే ఆగిపోతాయి.

ట్యాంకు ప్రాజెక్టులో కూడా, అంకె పక్కన "చివరి కొలత ఎన్ని గంటలకు" అని తప్పకుండా చూపించండి. నిన్న సాయంత్రపు 60 శాతాన్ని ఇవాళ్టిదనుకుని మోటారు వేయకుండా స్నానానికి వెళ్లేవాళ్లుంటారు.

7. పని పంచుకోండి

బళ్లో అటల్ టింకరింగ్ ల్యాబ్ ఉంటే మేష్టార్లకు ఒక మాట. గ్రూపులు కట్టినప్పుడు మగపిల్లలు వైర్లు పట్టుకోవడం, ఆడపిల్లలు రికార్డు రాయడం మామూలైపోయింది. వారానికోసారి చేతులు మార్చండి. తప్పు వైరు గుచ్చి, దాన్ని తనే కనిపెట్టిన పిల్లకు భయం పోతుంది, రికార్డు ఎంత చక్కగా రాసినా అది పోదు.

8. మోటారు జోలికి ఎప్పుడు?

ఇదంతా అయ్యాక మనసు ఊరుకోదు. "రిలే ఉందిగా, మోటారు కూడా అదే కట్టేసుకుంటే?" అనిపిస్తుంది. ఆగండి. రిలే అంటే కోడు చెప్పినట్టు కరెంటు వేసి ఆపే స్విచ్. కిట్టులోని నీలం రంగు రిలే మీద 10 యాంపియర్లు అని ఉంటుంది. మోటారు మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా కొన్ని రెట్లు ఎక్కువ కరెంటు లాగుతుంది. రిలే లోపలి కాంటాక్టులు వేడికి అతుక్కుపోతే మీ కోడు "ఆపు" అన్నా మోటారు ఆగదు. పైగా 230 వోల్టులు, తడిచేతులు, డాబా. బ్రెడ్‌బోర్డు మీద ఆ వైరు ఎప్పుడూ పెట్టకూడదు. ఒక నెల పాటు మీ పరికరం చెప్పడం వరకే చేయాలి, కట్టడం మీ చేత్తోనే జరగాలి. ఆ నెలలో అది ఎన్నిసార్లు తప్పు చెప్పిందో క్యాలెండరు మీద గీతలు పెట్టండి.

ఒక్క గీత కూడా పడకుండా నెల గడిచిందా? అప్పుడు తెలిసిన ఎలక్ట్రీషియన్‌ను పిలవండి. అతనికి ఈ నాలుగు సంగతులు కాగితం మీద రాసి ఇవ్వండి: మోటారు ఎన్ని హెచ్‌పీ, సింగిల్ ఫేజా త్రీ ఫేజా, ఇప్పుడున్న స్టార్టరు ఏ రకం, మీ బోర్డు ఆగిపోయినా చేత్తో వేసి కట్టే స్విచ్ ఎప్పటిలాగే పనిచేయాలి. సరైన కాంటాక్టర్ ఎంపిక, ఎర్తింగ్, పెట్టె బిగింపు అతని పని. ఆ కాంటాక్టర్‌కు "వెయ్యి, ఆపు" అని చెప్పే సిగ్నలు మీ పని. ఆ కోడులో ఒక వరస ముందే రాసుకోండి: రెండు నిమిషాలుగా కొత్త కొలత రాకపోతే మోటారు ఆగిపోవాలి.